కరెంటు దగ్గరికి మనమా, మన దగ్గరికి కరెంటా?

పుస్తకం అచ్చయితే విమర్శ రాస్తారు. సినిమా విడుదలైతే మర్నాటికల్లా దాని బాగోగులు తేల్చేస్తారు. పెళ్లికి వెళ్లొచ్చినవాళ్లయితే సాంబారు దగ్గర్నుంచి సన్నాయి దాకా దేన్నీ విడిచిపెట్టరు. మరి రోజుకి ఇరవైసార్లు వంగీ, లేచీ, మునివేళ్ల మీద నిలబడీ మనం పలకరించే ప్లగ్గు పాయింటు మీద ఇంతవరకూ ఎవరైనా నాలుగు ముక్కలు రాశారా? నా కంటికైతే కనపడలేదు. అంచేత ఆ లోటు నేనే తీరుద్దామనుకుంటున్నాను. నీకున్న అర్హతేమిటంటారా? ఇరవైయేడేళ్లుగా అద్దె ఇళ్లలో వంట చేస్తున్నాను. ఈ సబ్జెక్టులో అంతకంటే పెద్ద డిగ్రీ వుందని నేననుకోను.

ఇంటిని కూడా ఒక రచనే అనుకుందాం. రాసినవాళ్లు ముగ్గురు. ప్లాను గీసిన ఇంజనీరుగారు, గోడ లేపిన మేస్త్రి, పైపులు పరిచిన ఎలక్ట్రీషియను. చదివేది మాత్రం ఇల్లాలు. అదీ ఒక్కసారి చదివి అవతల పడెయ్యటానికి లేదు. రోజూ తెల్లారిన దగ్గర్నుంచి మొదటి పేజీ నుంచి చివరిదాకా చదవాల్సిందే. అలాంటి పాఠకురాల్ని రాసే ముందు ఒక్కమాట అడిగారా అంటే, అడగలేదు.

అడగలేదని ఎలా తెలుస్తుందంటే, పాయింట్లే చెబుతాయి. పడకగదిలో మంచం తలవైపు పాయింటు పెడతారు. అంటే మంచం ఎటు వెయ్యాలో ఇంజనీరుగారే తేల్చేశారన్నమాట. ఉత్తరం వైపు తల పెట్టుకోకూడదని పెద్దలంటారు. పాయింటేమో సరిగ్గా ఉత్తరపు గోడకే వుంటుంది. ఇక పిల్లవాడి ఫోను తలదగ్గర పెట్టుకోవాలా, శాస్త్రం పాటించాలా అన్నది ఇంటింటి భారతం. హాల్లో టీవీకి మాత్రం నాలుగు పాయింట్లు, అయిదు పాయింట్లు దండలా గుచ్చి పెడతారు. వంటింటి దగ్గరికొచ్చేసరికి చెయ్యి బిగుస్తుంది. ఫ్రిజ్‌కి ఒకటి, తక్కినవాటన్నిటికీ కలిపి ఒకటి. ఆ ఒక్కటీ పొయ్యి వెనకాల వుంటుంది, పోపు చిటపటలన్నీ దానిమీదే పడేట్టు.

తక్కినవాటన్నిటికీ అంటే ఏమేమిటో చూడండి. మిక్సీ, గ్రైండరు, నీళ్ల ఫిల్టరు, కెటిలు, ఇండక్షను పొయ్యి. పొద్దున్న ఆరున్నరకి వీటిలో మూడింటికి ఒకేసారి పని పడుతుంది. అప్పుడు చట్నీ ముందా, మంచినీళ్లు ముందా, వేణ్ణీళ్లు ముందా అన్న క్రమం నా తీరికని బట్టో, పిల్లల బస్సుని బట్టో నిర్ణయం కాదు. ఆ గోడలోని మూడు కన్నాలు నిర్ణయిస్తాయి. వంట చేసేది నేనే గానీ, వంట నడిపించేది ప్లగ్గు.

నేనుండేది విశాఖపట్నంలో, గాజువాక దగ్గర ఆటోనగర్‌ని ఆనుకుని వున్న ఒక వీధిలో. 1966లో విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కని జనం వీధుల్లోకొచ్చారు. 1971 జనవరి 20న ఇందిరాగాంధీ శంకుస్థాపన చేశారు. 1992 ఆగస్టు 1న పి.వి. నరసింహారావు ఫ్యాక్టరీని జాతికి అంకితం చేశారు. పోర్టు, షిప్‌యార్డు, ఉక్కు ఫ్యాక్టరీ అంటే మాటలా? అంత పెద్ద సంసారానికి లారీలు బాగుచెయ్యటానికీ, ఇనుము కొయ్యటానికీ, అతకటానికీ చిన్న చిన్న షెడ్లు కావాలి. అలాంటి షెడ్ల పేట ఆటోనగర్. కూరలకి వెళ్లాలన్నా, బస్సెక్కాలన్నా ఆ షెడ్ల ముందునుంచే నా దారి. అంచేత ఏళ్ల తరబడి ఒక తమాషా గమనిస్తూ వచ్చాను.

షెడ్డులోకి లారీ వచ్చి నిలబడుతుంది. దాని చట్రానికి ఎక్కడో కింద పగులుంటుంది. లారీని తోసుకెళ్లి గోడలో వున్న ప్లగ్గు పక్కన పెట్టరు. వెల్డింగు సెట్టుకి చక్రాలుంటాయి, దాన్నే లారీ దగ్గరికి లాక్కొస్తారు. కేబులు చుట్ట విప్పుకుంటూ వస్తారు. కింద పడుకుని పనిచేసే కుర్రాడి ముఖం మీదికి వెలుగు కావాలంటే కొక్కెం వున్న చేతిదీపం లారీ ఒంటికే తగిలిస్తారు. లేతు మిషనులాంటి బరువైనవి మాత్రం కదలవు, వాటికి కరెంటు తిన్నగా వాటి కాళ్ల దగ్గరికే వస్తుంది. ఎటు చూసినా ఒకటే సూత్రం. పని ఎక్కడుంటే కరెంటు అక్కడికి పోవాలి.

అదే షెడ్డు యజమాని ఇంట్లో చూడండి. ఆయన భార్య ఇస్త్రీ చెయ్యాలంటే బట్టల మూట మోసుకుని ప్లగ్గు దగ్గరికి వెళుతుంది. గదిలో గాలీ వెలుతురూ వున్న మూల ఒకటుంటుంది, ప్లగ్గు ఇంకో మూల వుంటుంది. తలుపు వెనకాల, బీరువాకీ గోడకీ మధ్య నిలబడి ఆవిడ చొక్కాలు నలిగిపోకుండా చూస్తూ, తను నలుగుతూ వుంటుంది. మగవాళ్ల పనిశాలలో పని దగ్గరికి కరెంటు నడిచొస్తుంది. ఆడవాళ్ల పనిశాలలో కరెంటు దగ్గరికి పనిమనిషి నడిచెళ్లాలి. నా విమర్శలో అసలు ముక్క ఇదే, తక్కినదంతా దానికి వ్యాఖ్యానం.

అయితే షెడ్డుని నేను ఆకాశానికెత్తటం లేదండోయ్. ప్లగ్గు లేకుండా ఉత్త తీగెలు కన్నాల్లో దూర్చి, అగ్గిపుల్లలు బిగించి పని కానిచ్చే మహానుభావులు అక్కడా వున్నారు. వాళ్ల సూత్రం మంచిదే, అలవాట్లు మాత్రం ఇంటికి తెచ్చుకోదగ్గవి కావు.

ఇంతకీ ఇళ్లు ఇలా ఎందుకు తయారయ్యాయి? కరెంటు ఇంట్లోకి మొదట వెలుగు కోసం వచ్చింది. వంటకోసమో, ఇస్త్రీకోసమో రాలేదు. బల్బు వేలాడే చోట తప్ప ఇంకెక్కడా తీగె వుండేది కాదు. అప్పుడు ఇస్త్రీపెట్టెకి కరెంటు కావలసిన ఆడవాళ్లు బల్బు విప్పి ఆ హోల్డరులోంచే తీసుకునేవారు. ఇది మన పల్లెల్లోనే జరిగిందనుకోకండి, లోకమంతా జరిగింది. అమెరికాలో హార్వే హబ్బెల్ అనే ఆయన బల్బు హోల్డరుకి తగిలించుకుని, కావాలంటే ఊడదీసుకునే ప్లగ్గుకి 1904లో పేటెంటు తీసుకున్నారు. జపానులో కొనోసుకే మత్సుషితా 1918లో ఒక చిన్న కార్ఖానా పెట్టారు. ఒకే హోల్డరునుంచి రెండింటికి కరెంటిచ్చే సాకెట్టు దాని తొలిరోజుల సరుకుల్లో ఒకటి. దీపం ఆర్పకుండా ఇస్త్రీ చేసుకోవచ్చన్నమాట. ఆ కార్ఖానాయే తర్వాత పానసోనిక్ అయింది. ఇంట్లో ఒక పాయింటు చాలదన్న మాట అంత పెద్ద వ్యాపారానికి పునాదిరాయి అయిందంటే, ఆ బాధ ఎంతమందిదో ఆలోచించండి.

మన చిన్నప్పటి ఇళ్ల వైరింగు గుర్తుందా? టేకు బద్దలు గోడమీద వరసగా కొట్టి, వాటిమీద తీగెలు పరిచి, రేకు క్లిప్పులతో బిగించేవారు. గుండ్రటి చెక్కదిమ్మ, దానిమీద నల్లటి బేకలైటు స్విచ్చి. బల్లులకి అదే రాజమార్గం. చూడ్డానికి బాగుండేది కాదు, నిజమే. కానీ దానిలో ఒక గొప్ప గుణముంది. ఇంకో పాయింటు కావాలంటే సుత్తి, నాలుగు మేకులు, మూరెడు బద్ద వుంటే సరిపోయేది. గోడకి గాయమయ్యేది కాదు. తీగె ఎటు పోతోందో కంటికి కనపడేది కాబట్టి ఎక్కడ మేకు కొట్టకూడదో కూడా తెలిసేది.

తర్వాత కన్సీల్డు వైరింగు వచ్చింది. గోడలో గాడి కొట్టి, పైపు పెట్టి, తీగెలన్నీ లోపల దాచి, పైన సున్నం పూసేస్తారు. గోడ అద్దంలా వుంటుంది. గృహప్రవేశానికి వచ్చినవాళ్లు ఒక్క వైరైనా కనపడటం లేదే అని మెచ్చుకుంటారు. కానీ దాంతోపాటు మన మనసు మార్చుకునే హక్కు కూడా గోడలో పూడ్చేశారు. ఇక పాయింటు జానెడు పక్కకి జరగాలన్నా గోడ బద్దలు కొట్టాలి, దుమ్ములో వారం రోజులు బతకాలి, మళ్లీ రంగులెయ్యాలి. సొంత ఇంటివాళ్లకే ఇది తలకు మించిన పని. అద్దెకున్నవాళ్ల సంగతి చెప్పనే అక్కర్లేదు.

ఇదంతా సౌఖ్యం కోసం పోట్లాట అనుకునేవాళ్లకి మా అత్తగారి సంగతి చెబుతాను. ఆవిడకి పక్షవాతం వచ్చి ఒకవైపు పడిపోయింది. ఆస్పత్రినుంచి ఇంటికి తెచ్చాక, పుండ్లు పడకుండా గాలిపరుపు వెయ్యమన్నారు. దానికి చిన్న పంపు వుంటుంది. చిన్న బల్బుపాటి కరెంటే తింటుంది గానీ రాత్రీ పగలూ నడుస్తూనే వుండాలి. ఆవిడ మంచం వీధి కిటికీ పక్కన వుండేది. ఆ కిటికీలోంచి వీధి, కూరలబండి, స్కూలు పిల్లలు, దూరంగా యారాడ కొండ కనిపించేవి. ఆ గోడకి పాయింటు లేదు. వున్నది గదికి అవతలి మూల, తలుపు దాటాక. వైరు గడప మీదనుంచి లాగితే తడిగుడ్డ వేసే అమ్మాయి కాలికి తగులుతుంది. ఎవరో ఒకరు తన్నుకుని పడతారు, లేదా రాత్రిపూట తెలియకుండా ప్లగ్గు ఊడి పంపు ఆగిపోతుంది.

ఇంటాయనని అడిగాం. గోడ ముట్టుకోవటానికి వీల్లేదన్నాడు. ఆయన గోడ ఆయనది, తప్పుపట్టలేం. చేసేదిలేక మంచాన్నే ప్లగ్గు దగ్గరికి జరిపాం. అక్కడ కిటికీ లేదు, బీరువా పక్క వుంది. అత్తగారు ఏమీ అనలేదు. మూడోరోజు సాయంత్రం మాత్రం, ముద్దగా వచ్చే మాటల్లోనే, "అమ్మాయ్, ఇప్పుడు పొద్దా, మాపా?" అని అడిగింది. "సాయంత్రం అయిదయిందత్తయ్యా" అన్నాను. "వీధి కనపడితే పొద్దు తెలుస్తుందే" అంది. అంతే, ఇంకేమీ అడగలేదు.

అదుగో, ఆ మాట దగ్గర నాకు ప్లగ్గు పాయింటు అనేది సామాను జాబితాలోంచి వచ్చేసి మనిషి బతుకులో కూర్చుంది. మనిషికున్న ఒక్క కిటికీని గోడలోని మూడు కన్నాలు లాగేసుకోవచ్చన్నమాట.

మా వీధి చివర షెడ్లలో మోటార్లకి కరెంటు పని చేసే కుర్రాడొకడున్నాడు. వాణ్ణి పిలిచి చూపించాను. గది నాలుగు వైపులా చూసి, "గోడ కొట్టక్కర్నేదమ్మా. గోడ మీదనుంచే ఎల్లిపోద్ది. మా సెడ్డులో అన్నీ ఇలాగే కదా" అన్నాడు. వంటింటి పవరు పాయింటు దగ్గర చిన్న ఎంసీబీ ఒకటి పెట్టాడు. అక్కణ్ణుంచి ప్లాస్టిక్ పట్టీలో 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగెలు మూడు, అంటే ఎర్తుతో సహా, నేలకి జానెడెత్తున గోడవెంట నడిపించాడు. గుమ్మం వచ్చినచోట పట్టీని ద్వారబంధం పైనుంచి తిప్పాడు. కిటికీ పక్కన ఒక పెట్టె బిగించాడు. నాలుగు స్క్రూల గుర్తులు తప్ప గోడకి ఇంకేమీ కాలేదు, ఇంటాయన కూడా చూసి ఊరుకున్నాడు. మర్నాడు మంచం కిటికీ దగ్గరికి వెళ్లింది. ఆ తర్వాత ఏడు నెలలు అత్తగారు పొద్దూ మాపూ తనే చెప్పేది. ఇల్లు మారేటప్పుడు ఆ పట్టీ, పెట్టె, తీగెలు విప్పి గోతాంలో వేసుకుని తెచ్చుకున్నాం. ఇప్పుడు ఈ ఇంట్లో నా కుట్టుమిషనుకి అవే కరెంటిస్తున్నాయి.

అంటే పాత టేకుబద్దే కొత్త వేషంలో తిరిగొచ్చిందన్నమాట. షెడ్డుకి తెలిసిన ఈ విద్య ఇంటికి తెలియకపోవటానికి కారణం డబ్బు కాదు. ఇంటిపని కూడా పనేనని, అది రోజురోజుకీ చోటు మారుతుందని ప్లాను గీసేవాళ్లకి తోచకపోవటం.

తోచినచోట ఏం జరిగిందో కూడా చెప్పాలి. మార్గరెటె షూటె-లిహోట్స్కీ అని ఆస్ట్రియా దేశపు ఆర్కిటెక్టు. జర్మనీలో ఫ్రాంక్‌ఫర్టు నగరం కట్టిన ఇళ్ల కోసం ఆవిడ 1926లో ఒక వంటిల్లు రూపొందించింది. ఇంటిపనిని అడుగులు లెక్కపెట్టి మరీ చూసిన మనిషి. ఆ వంటింట్లో పైకప్పు దీపం ఒకచోట బిగించినది కాదు. పట్టాలమీద అటూ ఇటూ జరుపుకోవచ్చు. కూర తరిగేటప్పుడు బల్లమీదికి, వండేటప్పుడు పొయ్యి మీదికి. వెలుగు మనిషి వెంట వస్తుంది.

ఇంకొకావిడ ఇంగ్లండులో కారొలిన్ హ్యాస్లెట్. స్వయంగా ఇంజనీరు. ఆడవాళ్ల చాకిరీ తగ్గాలంటే వాళ్లకి కరెంటు తెలియాలని 1924లో పుట్టిన స్త్రీల విద్యుత్ సంఘాన్ని నడిపింది. యుద్ధం అయ్యాక కట్టబోయే ఇళ్లకి వైరింగు ఎలా వుండాలో తేల్చటానికి 1942లో అక్కడి ఎలక్ట్రికల్ ఇంజనీర్ల సంస్థ ఒక కమిటీ వేసింది. ఇరవైమంది సభ్యుల్లో ఈవిడొక్కతే స్త్రీ. ఆ కమిటీ ఆలోచనల ఫలితంగా 1947లో బ్రిటనుకి కొత్త ప్లగ్గు వచ్చింది. పొడుగాటి ఎర్తు పిన్ను ముందు లోపలికి వెళితేనే తక్కిన రెండు కన్నాలకీ అడ్డుగా వున్న రేకులు తెరుచుకుంటాయి. పసివాడు పుల్లో, పిన్నీసో దూరిస్తే లోపలికి పోదు. పైగా దీపానికీ, ఇస్త్రీపెట్టెకీ, హీటరుకీ అన్నిటికీ ఒకటే రకం ప్లగ్గు. ఈ గదిలో వాడే వస్తువు ఏ గదిలోనైనా సరిపోతుంది. పాయింటు కదలకపోయినా, వస్తువు ఎక్కడికైనా కదలగలిగితే సగం బాధ తీరినట్టేగా? ఇదంతా ఆవిడొక్కతే చేసిందని నేననను. కానీ ఇరవైమందిలో ఇంటిపని తెలిసిన గొంతు ఒకటైనా వుండటం వృథా పోలేదు.

మనమో? వాళ్లు వాడి వదిలేసిన గుండ్రటి పిన్నుల పాత పద్ధతినే వుంచుకున్నాం. చిన్న పిన్నులది 6 ఆంపియర్లకి, పెద్ద పిన్నులది 16 ఆంపియర్లకి. చిన్నది పెద్ద కన్నంలో నిలవదు, పెద్దది చిన్న కన్నంలో దూరదు. ఇంట్లో పెద్ద కన్నాలుండేది ఏసీ దగ్గరో, గీజరు దగ్గరో. పెద్ద పిన్నులున్న వస్తువు మనం పట్టుకుని తిరగాల్సింది మాత్రం వంటింట్లో.

అమెరికావాళ్ల నిబంధన ఇంకోటి నాకు చాలా నచ్చింది. ఇంట్లో గోడవెంట ఏ చోట నిలబడినా ఆరడుగుల లోపల ఒక పాయింటు వుండి తీరాలి. ఎందుకు ఆరడుగులంటే, దీపాల వైర్లు మామూలుగా ఆరడుగులుంటాయి గనక. ద్వారం దాటి వైరు లాగటం లెక్కలోకి రాదు. వంటగట్టు మీదయితే రెండడుగులే. చూడండి, ఎంత చిన్న ఆలోచనో! వైరు పొడుగు కొలిచి ఇల్లు కట్టారు. మనవాళ్లు ఇల్లు కట్టేసి, వైరు పొడుగు మనల్నే తెచ్చుకోమన్నారు.

అలా తెచ్చుకున్నదే ఎక్స్‌టెన్షను బాక్సు. దీని మీద నాకు గౌరవమూ వుంది, భయమూ వుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను మా ఊరిని కొట్టినప్పుడు స్తంభాలు విరిగి రోజుల తరబడి కరెంటు లేదు. ఎక్కడైనా జనరేటరు మోగితే దానిముందు ఒక ఎక్స్‌టెన్షను బాక్సు, దానికి పదిళ్ల ఫోన్లు. ఎవరి పిల్లలు ఎక్కడున్నారో, ఎలా వున్నారో అన్న కబురు ఆ పెట్టెలోంచే వచ్చింది. అలాంటి పెట్టెని తిట్టటానికి నోరు రాదు.

కానీ లెక్క లెక్కే. మామూలు బాక్సు 6 ఆంపియర్లది. మన కరెంటు 230 వోల్టులు. రెండూ గుణిస్తే 1380 వాట్లు. అంటే వెయ్యి వాట్ల ఇస్త్రీపెట్టె పెడితే దానికి తాంబూలం ఇచ్చినట్టే, ఇంకెవరినీ పిలవకూడదు. దాని పక్కనే 1500 వాట్ల కెటిలు కూడా పెట్టారనుకోండి, దాదాపు 11 ఆంపియర్లు. పెట్టెకి నాలుగు కన్నాలున్నాయి కదా అని నాలుగూ నింపితే, లోపలి సన్నతీగె వేడెక్కి, తొడుగు మెత్తబడి, చివరికి కాలినవాసన వస్తుంది. ఇండక్షను పొయ్యి 2000 వాట్లది దానికసలు చూపించనే కూడదు. మా ఊళ్లో ఇంకో చిక్కుంది. సముద్రపు గాలి. ఉప్పుతేమకి ఇత్తడి పిన్నులు, లోపలి స్క్రూలు చిలుముపడతాయి. అంటు వదులైతే అక్కడ వేడి పుడుతుంది. అంచేత చౌక పెట్టె ఇక్కడ మరీ తొందరగా ముసలిదవుతుంది.

ఇప్పుడు బజారులో కదిలే పాయింట్లని కొత్త సరుకులొచ్చాయి. ఒకటి గోడకి బిగించే అల్యూమినియం పట్టీ. లోపల పొడుగునా రాగి పలకలుంటాయి. సాకెట్టుని పట్టీలో ఎక్కడంటే అక్కడ పెట్టి మెలితిప్పితే కరెంటు వస్తుంది, తిప్పి తీసి ఇంకోచోట పెట్టుకోవచ్చు. ఊహ అమోఘం, మనం కోరేది అదే. కానీ ఆ సాకెట్టు ఆ కంపెనీ పట్టీకే సరిపోతుంది. కంపెనీ దుకాణం కట్టేస్తే పట్టీ గోడకి అలంకారంగా మిగులుతుంది. పైగా ధర మధ్యతరగతిని చూసి నిర్ణయించినది కాదు. మన వంటింటి నూనెజిడ్డు ఆ సందులోకి చేరితే రోజూ తుడిచేదెవరో కేటలాగులో రాయరు. రెండోది గట్టులోంచి నొక్కితే పైకి లేచే పెట్టె. కేటలాగు బొమ్మలో దానిపక్కన ఒక పూలకుండీ వుంటుంది. నిజం గట్టుమీద అయితే పిండి, పులుసు, కడిగిన నీళ్లు వుంటాయి. బొమ్మలోని ఇల్లాలు ఎప్పుడూ వండదు కాబట్టి ఆవిడకి బాగానే వుంటుంది.

కాబట్టి నా తీర్పు ఇది. కదిలే పాయింటు కావాలి, తప్పకుండా కావాలి. కానీ దాని కదలికకి వెల మన చేతులూ, మన పిల్లల ప్రాణాలూ కాకూడదు. నాలుగు పరీక్షల్లో నెగ్గినదాన్నే ఇంట్లోకి రానివ్వాలి. మూడో తీగె, అంటే ఎర్తు, నిజంగా వుండాలి. కన్నాలకి అడ్డురేకులుండాలి. తీగె మందం మనం పెట్టబోయే వస్తువుకి తగినట్టుండాలి. ఇంటి మెయిను దగ్గర 30 మిల్లీ ఆంపియర్ల కరెంటు దారితప్పినా టక్కున ఆపేసే ఆర్‌సీసీబీ వుండాలి. ఈ నాలుగూ వున్న అయిదొందల పట్టీ, ఇవి లేని అయిదువేల షోకు కంటే నయం.

కొత్తగా ఇల్లు కట్టుకునేవాళ్లకి ఇంకొక్క మాట. కన్సీల్డు వద్దనను, గోడ అందంగా వుంటే నాకూ ఇష్టమే. కానీ గోడ మూసే ముందు రెండు మూడు ఖాళీ పైపులు అదనంగా వేయించండి, లోపల ఒక లాగుడుతీగె వదిలిపెట్టమనండి. రేపు మీ అవసరం మారితే గోడ పగలకుండా కొత్త తీగె లాక్కోవచ్చు. మేస్త్రి, "ఇప్పుడెందుకమ్మా ఇవి?" అంటాడు. "ముసలితనానికి" అని చెప్పండి. నవ్వుతాడు, నవ్వనివ్వండి. పైపు మాత్రం వేయించండి.

అద్దెకో, కొనటానికో ఇల్లు చూడబోయేటప్పుడు మనవాళ్లు వాస్తు చూస్తారు, నీళ్లు చూస్తారు, తలుపులు తట్టి చూస్తారు. మీరు చేతిసంచిలో ఆరడుగుల తాడు ఒకటి వేసుకెళ్లండి. అందరూ హాల్లో ధర మాట్లాడుతుంటే మీరు ప్రతి గోడ దగ్గరా నిలబడి తాడు చాచి చూడండి. గుమ్మం దాటకుండా పాయింటు అందిందా, సరే. అందకపోతే ఆ మాట పైకి గట్టిగా అనండి. మీ పనికి ఎక్కడ వెలుగూ గాలీ వుంటే అక్కడ మీరు కూర్చోవాలి. మిగతా సంగతి కరెంటు చూసుకుంటుంది, రావలసింది దాని వంతు.